చీటీ మీద రాసిన "నెల తర్వాత రండి"

ఈ ఏడాది మా మనోవైద్య విభాగంలో చేరిన పీజీ విద్యార్థులకు, పల్లెల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నమస్కారం.

మొన్నామధ్య ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని ఓపీకి వచ్చింది. బట్టల షాపు వాళ్లిచ్చే పసుపు సంచిలో పాత చీటీలన్నీ భద్రంగా మడిచి పెట్టుకుంది. వాటి మధ్య ఖాళీ మాత్రల అట్టలు. "మందు వేసినన్నాళ్లు బాగానే ఉన్నాడయ్యా. అన్నం తిన్నాడు, పొలానికి కూడా వచ్చాడు. అయిపోయాక రాలేకపోయాం" అంది. రెండు బస్సులు మారాలి. ఇద్దరి చార్జీలు, ఇద్దరి కూలి పోతాయి. పైగా బిడ్డ బస్సులో తనలో తాను మాట్లాడుకుంటుంటే అందరూ తిరిగి చూస్తారని ఆమె బాధ. చీటీ మీద "నెల తర్వాత రండి" అని ఉంది. ఆ రాత నాదే. ఆ నెల ఏడాదిన్నర అయింది. ఇలాంటివాళ్లను మన రిజిస్టర్లలో "చికిత్స మానేశారు" అని రాస్తుంటాం. ఆ సంచి చూశాక ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఈ చిక్కు తీరే దారి మన పొరుగునే, తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్న బళ్లారి జిల్లాలో, ఎప్పుడో చూపించారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 1985 నుంచి 1990 దాకా అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చింది. తీవ్రమైన మానసిక వ్యాధిని, కుంగుబాటును, మూర్ఛను గుర్తుపట్టడం నేర్పింది. ముఖ్యమైన కొన్ని మందులు ఊరి దగ్గరే దొరికేలా చూసింది. ఆ అనుభవం మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. మొదటి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. శిక్షణ ఒక్కసారి ఇచ్చి ఊరుకుంటే లాభం లేదన్నది నా గట్టి నమ్మకం. డాక్టరు బదిలీ అవుతాడు, కొత్తవాడు వస్తాడు, మందులు నిండుకుంటాయి. వెనక ఒక బోధనాసుపత్రి విభాగం నిలబడి, నెలనెలా వెళ్లి, సందేహమొస్తే ఫోనెత్తితేనే అది సాగుతుంది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన లెక్క మనమే తీసుకోవాలి. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరుగుతారు కనుక అందులో మాకంటే మీకే ఎక్కువ తెలుసు. గాలి సోకిందని తాయెత్తు కట్టించిన ఇంటికి మీరు వెళ్తే, తాయెత్తు తీయమని మాత్రం అనకండి. అది చేతికే ఉండనీయండి, మాత్ర కూడా వేసుకోమనండి.

ఇంకొక్క మాట. పురుగుమందు తాగి అత్యవసర విభాగానికి వచ్చినవారిని విరుగుడు మందు అట్రోపిన్ ఇచ్చి, కడుపు శుభ్రం చేసి బతికిస్తారు. మనిషి లేచి కూర్చోగానే ఇంటికి పంపేస్తారు. అప్పు అక్కడే ఉంటుంది, పురుగుమందు డబ్బా కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అంటుంది. కనుక పీజీలూ, అలాంటి వారి మంచం దగ్గరకు పిలుపు కోసం చూడకుండా మీరే వెళ్లండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. డబ్బా ఇంట్లో ఎక్కడ పెడతారో భార్యను అడగండి. వెళ్లేటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసివ్వండి. అర్ధరాత్రైనా తెలుగులో మాట్లాడవచ్చని చెప్పండి.

వచ్చే గురువారం ఉదయం ఎనిమిది గంటలకు మన వాహనం ఆరోగ్య కేంద్రానికి బయలుదేరుతుంది. పసుపు సంచి తల్లి ఊరు దాని పరిధిలోదే. ఈసారి ఆ అబ్బాయికి మాత్రలు అక్కడే ఇస్తాం. బుధవారం సాయంత్రం ఆమెకు ఫోన్ చేసే పని మీలో ఎవరు తీసుకుంటారు?