సాక్సుల్లో దాక్కున్న పిప్పిగోరు: ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పోడియాట్రిస్ట్ (పాదాల వైద్యురాలు) దగ్గరికి వెళ్లొచ్చాను

అందరికీ నమస్తే. ఈ వీడియో మా పెద్దమ్మ కోసం. మొన్న ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడుతూ సోఫా మీద కాళ్లు చాపుకున్నాను. గుంటూరులో మా చెల్లి సంబంధం గురించి చెబుతున్న మనిషి మాట ఆపేసి, "ఏమే, ఆ బొటనవేలి గోరేంటి అలా ఉంది? పిప్పిగోరు కదే అది!" అంది. దాదాపు 8,000 కిలోమీటర్ల అవతల నుంచి, అరచేతిలో పట్టేంత ఫోన్లో, ఆవిడకి కనిపించింది. ఇంట్లో ఉండే మా ఆయనకి కనిపించలేదు. ఆయన తప్పేం లేదు, ఇక్కడ సెప్టెంబరు నుంచి మే దాకా కాళ్లు సాక్సుల్లోనే ఉంటాయి.

మన ఇంట్లో అలా కాదు కదా. బయటి నుంచి రాగానే కాళ్లు కడుక్కుంటాం, శుక్రవారం పసుపు రాసుకుంటాం, పట్టీల కొక్కెం పెట్టేటప్పుడు అమ్మ చూస్తుంది. కాలికి ఏమైనా అయితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఇక్కడికొచ్చిన మూడేళ్లలో నా పాదాలు ఎవరూ చూడలేదు. ఫోన్ పెట్టేశాక ఆ సంగతే తలచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

నిజానికి గోరు మూల కొద్దిగా పసుపుపచ్చగా మారడం ఏడాది కిందే చూశాను. అట్లతద్దికి గోరింటాకు పెట్టుకుంటే ఆ ఎరుపులో కలిసిపోయింది. గోరింటాకు పెడితే పిప్పిగోళ్లు పోతాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి, పోయిందనుకున్నాను. పోలేదు, రంగు కింద పెరుగుతూనే ఉంది.

నేను కేర్ హోమ్‌లో, అంటే వృద్ధుల్ని చూసుకునే చోట, పని చేస్తానని మీకు తెలుసు. 12 గంటల షిఫ్టు, వేళ్లు పూర్తిగా మూసే బూట్లు. అక్కడుండే పెద్దవాళ్ల కోసం ఆరు వారాలకోసారి ఒక పోడియాట్రిస్ట్ వస్తారు. అంటే ఎంబీబీఎస్ డాక్టరు కాదు, పాదాల వైద్యం మీదే డిగ్రీ చేసినవాళ్లు. హెచ్‌సీపీసీ అనే సంస్థ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఇక్కడ ఎవరూ ఆ పేరు పెట్టుకోకూడదు, అది చట్టం. ఆన్‌లైన్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు, నేనూ అలాగే చూసుకుని వెళ్లాను.

ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యం, ఉచితమే గానీ, వేరే జబ్బేమీ లేని మనిషికి ఒక్క గోరు కోసం అక్కడ మామూలుగా అపాయింట్‌మెంట్ దొరకదు. షుగర్ ఉన్నవాళ్లకీ, పాదాలకి రక్తం సరిగా అందనివాళ్లకీ ముందు చూస్తారు. అందుకని ప్రైవేటుకి వెళ్లాను. ఫీజు 48 పౌండ్లు. పౌండు 115 రూపాయల లెక్కన 5,520. బస్సుకి 3 పౌండ్లు, అంటే 345. బస్సులో కూర్చుని ఈ లెక్కలు వేస్తుంటే వెనక్కి దిగిపోదామనిపించింది.

లోపల కుర్చీ పళ్ల డాక్టరు కుర్చీలాగే ఉంది, కాకపోతే లైటు కాళ్ల వైపు ఉంది. పోడియాట్రిస్ట్‌కి అరవై దాటి ఉంటాయి, మా అమ్మకంటే పెద్దావిడ. నా ఎదురుగా చిన్న స్టూలు మీద కూర్చుని, చేతి తొడుగులు వేసుకుని, నా రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుంది. గుండె ఝల్లుమంది. మనం పెద్దవాళ్ల కాళ్లు పట్టుకుంటాం గానీ, పెద్దవాళ్ల చేత మన కాళ్లు పట్టించం కదా. రోజూ కేర్ హోమ్‌లో ఎంతమంది పాదాలు కడిగి తుడుస్తానో. నా పాదాలు ఒకరు పట్టుకుంటే ఏడుపొచ్చింది. ఆవిడ నొప్పేమో అనుకుని ఆగింది. కాదని తల ఊపాను.

మెట్టెలు చూసి ఇవేంటని అడిగింది, చెప్పాను. తియ్యమంటుందేమో అనుకున్నా, తియ్యమనలేదు. వాటి కిందా, వేళ్ల సందుల్లోనూ స్నానం తర్వాత తడి లేకుండా తుడుచుకోమంది. నాకు నాలుగో వేలి సందు ఒరుసుకుపోయి తెల్లగా ఉంది. అసలు మొదలైంది అక్కడే అంది. చర్మం మీది ఫంగస్ మెల్లగా గోరు అంచు కిందికి పాకుతుందట. గోరు తయారయ్యే కెరాటిన్‌నే తిని బతుకుతుంది కాబట్టి, చీకటీ చెమటా ఉన్న బూటు దానికి మంచి ఇల్లు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి చెబుతాను. చూడగానే మందు రాయలేదు. పచ్చబడి, మందమై, పెళుసుగా విరిగే గోళ్లలో దాదాపు సగం అసలు ఫంగసే కావట. బూటు ఒత్తిడికి దెబ్బతిన్నవి కొన్ని, సొరియాసిస్ అనే చర్మవ్యాధి వల్ల చిన్న చిన్న గుంటలు పడ్డవి కొన్ని. గోరు పొడవునా కొత్తగా నల్లటి చార వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యొద్దు, డాక్టరుకి చూపించాలి, అరుదుగానైనా అది క్యాన్సర్ కావచ్చు అని గట్టిగా చెప్పింది. గోరు కింది పొడి గీకి చిన్న స్ట్రిప్ టెస్టు చేసింది. ఐదు నిమిషాల్లో గీత వచ్చింది, ఫంగసే. ఆ టెస్టుకి ఇంకో 30 పౌండ్లు, 3,450. దీనికి మాత్రం నాకు బాధ లేదు. ఏ జబ్బో తెలియకుండా ఏడాది పాటు మందు రాయడం కంటే నయం.

తర్వాత నిప్పర్ అనే గోళ్ల కత్తెరతో మందమైన చోట కత్తిరించి, చిన్న మెషీన్‌తో అరగదీసింది. సుయ్‌మని సన్నటి శబ్దం, సున్నంలాంటి పొడి. పొడి లేవకుండా పక్కనే గొట్టం పీల్చేస్తోంది. నొప్పి అసలు లేదు. గోరు పలచబడితేనే పైన వేసే మందు లోపలికి దిగుతుందట.

నాది ఒక్క గోరే, అదీ సగం లోపే కాబట్టి అమోరోల్ఫిన్ 5 శాతం లక్క, అంటే నెయిల్ పాలిష్‌లా గోరు మీద వేసే ఫంగస్ మందు, సరిపోతుందంది. మందుల షాపులో 20 పౌండ్లు, 2,300 రూపాయలు. వేళ్ల సందుకి వేరే క్రీము. మూడు నెలల్లో మార్పు లేకపోతే జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, దగ్గరికి వెళ్లాలి, టెర్బినాఫిన్ మాత్రలు రాస్తారు. వాటికి ముందు లివర్ రక్తపరీక్ష చేస్తారు. అందుకే పెద్దమ్మా, పక్కింటావిడ మాత్రలు అడిగి వేసుకోవద్దు. నీకు షుగర్ కూడా ఉంది, నీ గోళ్లు నువ్వు బ్లేడుతో తీసుకోవడం ఇక ఆపెయ్.

బయటికొచ్చి తిన్నగా ఇంటికి రావాల్సినదాన్ని, మన ఇండియా కొట్లుండే బెల్‌గ్రేవ్ రోడ్డులో దిగిపోయాను. అక్కడ ఒక కొట్లో గోంగూర కనిపించింది. గుప్పెడు కట్ట 2 పౌండ్లు, 230 రూపాయలు. మన రైతుబజారులో ఆ డబ్బుకి సంచి నిండుతుంది. అయినా రెండు కట్టలు తీసుకున్నాను. ఆకు గిల్లుతూ అమ్మకి ఫోన్ చేస్తే గంట గడిచిపోయింది. అందుకే ఈ వీడియో రాత్రి తీస్తున్నాను.

ఇక ప్రతి ఆదివారం ఇదే పని. ఇదిగో ఈ ఆకురాయి ఈ గోరుకి మాత్రమే, మంచి గోళ్లకి తగలనివ్వకూడదు. అరగదీశాక స్పిరిట్ దూదితో తుడిచి, లక్క పలచగా వేసి ఆరనివ్వాలి. కాలి బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావాలంటే 12 నుంచి 18 నెలలు పడుతుంది. మందు పాత గోరుని బాగుచెయ్యదు, వెనక నుంచి మంచి గోరు పెరగాలి. నెలకో ఫొటో తీసి పెట్టుకోమంది.

పెద్దమ్మా, ఇది మొదటి ఫొటో. కెమెరా దగ్గరగా పెడుతున్నా. గోరు మొదట్లో, చర్మం పక్కన, లేత గులాబీ రంగు కనిపిస్తోందా?