ల్యాబులో ఇచ్చిన వివరాలు లీకైతే ఎవర్ని అడగాలి? – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. కంపెనీల దగ్గరున్న మన వివరాలు దొంగల చేతిలో పడితే చట్టం ఏం చేయగలదన్నది ఈ వారం విషయం. వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను తణుకు నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (తణుకు): నమస్కారమండీ. ఆమధ్య ఒక ల్యాబులో థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకున్నానండీ. దాని పేరు...

యాంకర్: పేరు వద్దమ్మా, జరిగింది చెప్పండి.

శ్రోత: అలాగేనండీ. రెండు నెలలకి ఎవరో ఫోన్ చేశారు. నా వయసు, పరీక్ష తేదీ, రిపోర్టులో ఉన్న అంకెతో సహా చెప్పారు. ఆ అంకె మా ఆయనక్కూడా తెలీదండీ. డాక్టరుగారి మనుషులే అనుకుని మందుల కోర్సుకని 18,400 కట్టాను. ఓటీపీ కూడా నేనే చెప్పాను. ఇంకో నెలకి ల్యాబు నుంచి మెయిలొచ్చింది, కస్టమర్ల సమాచారం బయటికి పోయిందని. ఇంట్లో అందరూ నన్నే అంటున్నారండీ.

న్యాయవాది: అమ్మా, మీ రక్తంలో ఎంతుందో చెప్పినవాణ్ణి ఎవరైనా నమ్ముతారు. తప్పు మీది కాదు, ఆ మాట ఇంట్లోవాళ్లకీ వినబడాలి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా?

శ్రోత: మర్నాడే చేశానండీ. ఫిర్యాదు నంబరిచ్చారు. బ్యాంకులోనూ రాసిచ్చాను.

న్యాయవాది: మంచిపని చేశారు. అయితే ఓటీపీ మనమే చెప్పినప్పుడు, బ్యాంకుకి తెలియజేసేలోపు పోయిన డబ్బు మన నెత్తినే పడుతుంది. రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన నియమం అది. తెలియజేశాక పోయినదే బ్యాంకు భరిస్తుంది. కాబట్టి మీరు పట్టుకోవాల్సింది ల్యాబుని.

శ్రోత: కొత్త చట్టంలో 250 కోట్ల జరిమానా అంటున్నారు కదండీ?

న్యాయవాది: భద్రత సరిగా పెట్టని కంపెనీకి అంతదాకా వేయొచ్చు, నిజమే. కానీ అందులో ఒక్క రూపాయి కూడా మీకు రాదమ్మా, అంతా ప్రభుత్వ ఖజానాకే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో నష్టపోయిన మనిషికి పరిహారం లేదు. పైగా పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను అదే తీసేస్తోంది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ కొత్త చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన సెక్షన్లు అమలయ్యేది 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో. అప్పటిదాకా 43ఏ ఉంటుంది. మీవి వైద్య రికార్డులు, దాని కిందికి నేరుగా వస్తాయి. 5 కోట్ల దాకా పరిహారం కోరుతూ మన రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ఆయనకి ఈ విషయాల్లో సివిల్ కోర్టుకుండే అధికారాలున్నాయి.

శ్రోత: అంత పెద్దాఫీసుకి మేమెక్కడ వెళ్తామండీ...

న్యాయవాది: మీ మొత్తానికి జిల్లా వినియోగదారుల కమిషనే మేలు. ఇదివరకు ఫోరం అనేవాళ్లు. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం వచ్చాక మీరున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, ల్యాబు హెడ్డాఫీసు ఏ నగరంలో ఉన్నా సరే. రుసుము మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ల్యాబుకి కట్టిన బిల్లును బట్టి. అది 5 లక్షల లోపైతే అసలు రుసుమే లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే వేయొచ్చు. లాయరు లేకపోయినా ఫర్వాలేదు.

యాంకర్: కేసులో ఏమని రాయాలి సార్?

న్యాయవాది: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నమ్మి ఇచ్చిన సమాచారాన్ని ఇతరులకి వెల్లడించడం అక్రమ వ్యాపార పద్ధతి అని ఆ వినియోగదారుల చట్టంలోనే ఉంది. అదొక్కటే రాస్తే కంపెనీ 'మేం ఇవ్వలేదు, దొంగలు ఎత్తుకెళ్లారు' అంటుంది. అందుకని సేవాలోపం అని కూడా తప్పకుండా రాయండి. మీ వివరాలకి సరైన కాపలా పెట్టకపోవడం ఒక లోపం, లీకైందని తెలిసీ దాచిపెట్టి ఉంటే అది ఇంకో లోపం. వాళ్లకి ఎప్పుడు తెలిసింది? ముందు రిజిస్టర్ పోస్టులో నోటీసిచ్చి ఆ తేదీ అడగండి. మీకు ఫోనొచ్చే నాటికే తెలిసుంటే కేసుకి అదే ఆయువుపట్టు.

శ్రోత: ఎన్నాళ్లలోపు వేయాలండీ?

న్యాయవాది: రెండేళ్లు. కానీ ఆగొద్దు, ఫోన్ కంపెనీల దగ్గర కాల్ రికార్డులు ఎల్లకాలం ఉండవు. ల్యాబు బిల్లు, ఆ మెయిలు, బ్యాంకు స్టేట్‌మెంటు, 1930 ఫిర్యాదు నంబరు ఒకచోట పెట్టండి. మీ ఊళ్లో ఇంకెవరికైనా ఇలాంటి ఫోనొచ్చిందేమో కనుక్కోండి. కమిషన్ అనుమతిస్తే అందరి తరఫునా ఒకే కేసు వేయొచ్చు.

యాంకర్: ఇంకో ఫోను, కరీంనగర్ నుంచి.

శ్రోత (కరీంనగర్): నమస్తే సార్. నాది షాపింగ్ యాప్ సంగతి. ఫోన్ నంబరు, అడ్రసు లీకైనయట. పైసలేం పోలే. నష్టపరిహారం వస్తదా?

న్యాయవాది: 43ఏ కింద కష్టం తమ్ముడూ. పేరు, నంబరు, అడ్రసు దాని కిందికి రావు, పైగా నష్టం చూపించాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, కంపెనీని లిఖితంగా జవాబడగండి. మన అప్పుల చిట్టా రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలు నాలుగున్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికో రిపోర్టు ఉచితంగా ఇస్తుంది. మూడు నెలలకొకటి చొప్పున తీసి చూస్తుంటే మీ పేరు మీద ఎవరైనా అప్పు తీసుకుంటే బయటపడుతుంది. అలాంటిది కనబడిన రోజున మీదీ కేసే, ఆ యాప్ పంపిన మెసేజ్ మాత్రం డిలీట్ చేయకండి.

శ్రోత: డిలీట్ చేసిన సార్.

న్యాయవాది: మెయిల్ కూడా వచ్చుంటుంది, ట్రాష్‌లో చూడండి. ఇప్పుడే, ఫోన్ పెట్టేయగానే.