నవల్లో పెరిగిన పిల్లని సినిమా బోనెక్కించింది | వేర్ ద క్రాడాడ్స్ సింగ్ రివ్యూ

అందరికీ నమస్కారం, వైజాగ్ నుంచి. ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ పుస్తకం ద్వారకానగర్‌లో ఒక షాపు వాళ్ళు ఉచితంగా ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో ముందుగా వాళ్ళకి చూపించలేదు. "నవల, సినిమా రెండూ పక్కపక్కన పెట్టి మాట్లాడండి" అన్నారు, అంతే. సినిమా ఇదివరకే చూశాను. ఇప్పుడు నవల చదివి మళ్ళీ చూస్తే కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో చెప్తాను.

ట్రైలరూ నటీనటుల వివరాలూ మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు, రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను. నవల డెలియా ఓవెన్స్ రాశారు, 2018లో వచ్చింది. ఆఫ్రికాలో ఏళ్ళ తరబడి అడవి జంతువుల్ని గమనించిన శాస్త్రవేత్త ఆవిడ. డెబ్భైకి దగ్గర పడ్డాక రాసిన మొదటి నవల ఇది. సినిమా 2022లో, ఒలీవియా న్యూమన్ డైరెక్షన్. అమెరికాలో నార్త్ కరోలినా తీరంలో చిత్తడి నేలలు, అక్కడ కయా అనే పిల్ల. ఇంట్లో వాళ్ళు ఒక్కొక్కరే వదిలేసి పోతే ఒంటరిగా పెరుగుతుంది. 1969లో చేజ్ అనే ఊరి కుర్రాడి శవం, అడవి మంటల్ని కనిపెట్టే ఫైర్ టవర్ కింద దొరుకుతుంది. ఊరంతా వేలు చూపించేది ఈ అమ్మాయినే. చివర్లో ఏం తేలుతుందో చెప్పను, ధైర్యంగా చూడండి.

ఇక అసలు సంగతి. నవల రెండు కాలాల్లో నడుస్తుంది. 1952లో కయాకి ఆరేళ్ళు. వాళ్ళమ్మ మొసలిచర్మంలా కనిపించే హీల్స్ వేసుకుని, నీలం పెట్టె పట్టుకుని వెళ్ళిపోతూ ఉంటుంది. ఎప్పుడు బయటికెళ్ళినా మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యి ఊపే మనిషి, ఆ రోజు తిరగదు. ఆ బాధలో మనం ఉండగానే కథ 1969కి దూకుతుంది. శవం చుట్టూ బురద, ఆ బురదలో ఒక్క అడుగుజాడ లేదు. మళ్ళీ పిల్ల దగ్గరికి. తెల్లారకముందే ఆల్చిప్పలు ఏరి జంపిన్ అనే ఆయన కొట్లో అమ్ముకోవడం, టేట్ అనే కుర్రాడి దగ్గర అక్షరాలు నేర్చుకోవడం. పోలీసులు ఆ అమ్మాయిని అరెస్టు చేసేసరికి పుస్తకం సగం దాటిపోతుంది. అప్పటికి తను మన ఇంటి పిల్లయిపోయింది. చంపిందా లేదా అన్న ప్రశ్న కంటే, చంపి ఉంటే నేనేం చేస్తాను అన్న ప్రశ్న నన్ను ఎక్కువ తినేసింది. ఎదగడం కథా, హత్య కథా ఒక్కటయ్యేది అక్కడే.

సినిమా ఏం చేసిందంటే, మొదలైన కాసేపటికే కయాని జైల్లో వేసింది. ఎదురుగా లాయరు, డేవిడ్ స్ట్రాథేర్న్. ఇక అక్కణ్ణుంచి బాల్యం అంతా ఫ్లాష్‌బ్యాకే. వినడానికి చిన్న మార్పే. కానీ చూస్తుంటే ఏమవుతుందో తెలుసా? తండ్రి కొట్టే సీన్ వస్తే, "ఇది జూరీకి చెప్తే జాలి పడతారు" అనిపించింది నాకు. ఒక పసిపిల్లకి దెబ్బలు పడుతుంటే నా బుర్ర కేసు లెక్కలేసుకుంటోంది! స్క్రీన్‌ప్లే అలా కూర్చోబెట్టింది నన్ను. ఆ పిల్ల జీవితం మొత్తం సాక్ష్యం అయిపోయింది.

ఇంకోటి. నవల్లో కథ చెప్పేది రచయిత్రి, కొంచెం దూరంగా నిలబడి. సినిమాలో కయా గొంతే వాయిస్ ఓవర్. తన మనసులోకి మనల్ని తీసుకెళ్ళి కూడా అసలు మాట దాచడం వేరు, బయటి నుంచి చెప్పేవాళ్ళు దాచడం వేరు. ముగింపు తెలిశాక ఈ తేడా గట్టిగా తగులుతుంది. నవల కూడా దాస్తుంది, కాదనను. కానీ అక్కడ మోసపోయానని అనిపించలేదు.

మిణుగురుల సంగతి చూడండి. ఒక జాతి ఆడ మిణుగురు ఇంకో జాతి ఆడదానిలా వెలుగు మిణుకుమనిపించి, ఆశపడి వచ్చిన మగ పురుగుని తినేస్తుంది. ఇది నిజంగా ప్రకృతిలో జరిగేదే. నవల్లో కయా దీన్ని స్వయంగా చూస్తుంది, ఆడవాళ్ళ బతుకు గురించి ఏదో అర్థం చేసుకుంటుంది. సినిమాలో అదే విషయం తన పుస్తకాలు అచ్చువేసేవాళ్ళతో భోజనాల దగ్గర మాటల్లో చెప్పించేశారు. అంత పెద్ద సంగతి అలా దొర్లిపోయింది.

"కోర్టు ఉంటే అంతేగా" అంటారేమో. టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్ చూడండి. నవల 1960, సినిమా 1962. అందులోనూ కోర్టుంది, కానీ లాయరు పిల్లలు పై బాల్కనీలో కూర్చుని చూస్తారు. ఆ కేసు వాళ్ళ బాల్యంలోకి వస్తుంది. మన అభిలాష, యండమూరి నవల, 1983లో సినిమా అయింది. అక్కడ హీరో మొదటికే పెద్దవాడు, ఉరిశిక్ష రద్దు చేయించాలన్న పట్టుదల ఉన్నవాడు. కథ ఉరికంబం వైపు పరిగెత్తినా పోయేదేం లేదు. ఎదిగే పిల్ల కథ అలా కాదు, దానికి టైమివ్వాలి.

ఇక బురద. మా మావయ్య వాళ్ళది అనకాపల్లి జిల్లాలో కొండకర్ల ఆవ అనే చిత్తడి సరస్సు వైపు. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే. తాటి దోనెలో కూర్చుంటే బట్టలకి ఒండ్రు అంటకుండా దిగడం ఎవరి వల్లా కాదు. గోళ్ళలో మట్టి, కాళ్ళకి నాచు, ఇంటికొచ్చాక అత్తయ్య చేత చీవాట్లు. సినిమాలో కయా ఏళ్ళకేళ్ళు ఒంటరిగా చిత్తడిలో బతికింది కదా, మరి ఆ జుట్టేంటి, ఆ గౌన్లేంటి! ఊరివాళ్ళు "చిత్తడి పిల్ల" అని వెలేసింది ఆ మురికిని చూసే. దాన్ని కడిగేస్తే ఆ వెలివేతకి అర్థమేముంది?

కయాగా చేసిన డైసీ ఎడ్గర్ జోన్స్ తప్పేం లేదు. ఆ భయం, ఆ బెదురు కళ్ళు బాగా పట్టుకుంది. స్ట్రాథేర్న్ నోరు తెరిస్తే వినాలనిపిస్తుంది. కెమెరా పని అందంగా ఉంది, అవసరానికి మించిన అందం. నవల్లో ఒక స్థానిక కవయిత్రి కవితలు అక్కడక్కడా వస్తుంటాయి, చివర్లో వాటికో పెద్ద పని ఉంది. సినిమాలో అవి లేవు. నాకు చాలా బాధేసింది, ఎందుకో నవల చదివినవాళ్ళకి తెలుస్తుంది.

నా మాట: నవల తప్పకుండా చదవండి. కొనలేకపోతే పబ్లిక్ లైబ్రరీలో అడిగి చూడండి. సినిమా ఆ తర్వాతే, డైసీ కోసం. భీమిలి వైపు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఇలాంటి కథ తెలుగులో తీయాలని మీలో ఎవరికైనా ఉంటే, దయచేసి మొదటి సీన్ కోర్టులో పెట్టకండి. మీరు చదివిన ఏ తెలుగు నవల ఇలా సినిమా అవ్వాలో కింద రాయండి, ఒక్కోటీ చదువుతాను.