గుడ్డు ఎవరు తిన్నారు?

శ్రోతలకు నమస్కారం.

ప్రభుత్వం ఒక పాపకు గుడ్డు ఇచ్చింది. ఆ గుడ్డు ఎవరు తిన్నారు? ఈ పది నిమిషాలూ నేను మాట్లాడబోయేది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఇచ్చిన గుడ్డుకు లెక్క ఉంటుంది. అంగన్‌వాడీ టీచర్ ఆ లెక్క ఫోన్లో ఎక్కిస్తుంది. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ అనే యాప్ వచ్చింది కదా, పిల్లల హాజరు, బరువు, ఎత్తు, ఇంటికిచ్చిన సరుకు, అన్నీ అందులోకే వెళ్తాయి. 2025 జూలై నుంచి ముఖం గుర్తింపు కూడా పెట్టారు. సరుకు తీసుకోవడానికి వచ్చిన మనిషి ముఖాన్ని యాప్ గుర్తుపట్టాలి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఎండలో నిలబడి ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ టీచర్లు పడే టెన్షన్ ఇంకో రోజు చెప్పుకుందాం. ఇంతా చేస్తే ఆ ఫొటో మనకు చెప్పేది ఒక్కటే: సరుకు ఫలానా మనిషి చేతికి అందింది. మంచిదే, దొంగ పేర్లుంటే పోతాయి. కానీ ఇచ్చింది వేరు, తిన్నది వేరు.

మరి తిన్నది తెలుసుకోవడం ఎలా? దానికో పద్ధతి ఉంది. నాకు చాలా ఇష్టమైన పద్ధతి. అందుకే కొంచెం తీరిగ్గా చెబుతాను.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎన్‌ఐఎన్ అంటే అందరికీ తెలుసు. 1972లో భారత వైద్య పరిశోధన మండలి ఆ సంస్థ కేంద్రంగా జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరోను పెట్టింది. పది రాష్ట్రాల్లో దాని బృందాలు ఊరూరా తిరిగేవి. వాళ్లు వెంట తీసుకెళ్లే సామాన్లలో ముఖ్యమైనవి కొలత కప్పులు. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా, ఒక్కోటి ఒక్కో సైజు.

ఒక ఇల్లు ఊహించుకోండి. భార్యాభర్తలు, అత్తగారు, ఏడేళ్ల పిల్లాడు, రెండేళ్ల పాప. సర్వే చేసే ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది.

"అమ్మా, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం వండారు?"

"ఏముందండీ, మామూలే. అన్నం, పప్పు."

"బియ్యం ఎన్ని పోశారు?"

"మూడు గ్లాసులు."

"ఆ గ్లాసు ఒకసారి తెస్తారా?"

గ్లాసు వస్తుంది. దాని నిండా బియ్యం పోసి తూకం వేస్తే 200 గ్రాములు. మూడు గ్లాసులంటే 600 గ్రాములు. తర్వాత ప్రశ్న: ఏ గిన్నెలో వండారు, అన్నం ఎక్కడిదాకా వచ్చింది? ఆమె గిన్నె తెచ్చి వేలితో చూపిస్తుంది. దాన్ని కప్పుల్లోకి మారిస్తే 12 కప్పులు. ఇప్పుడు ఒక్కొక్కరి వంతు. ఆయన ఎంత తిన్నారు? అత్తగారు ఎంత? పిల్లాడు ఎంత? మీరు?

"మరి పాప?"

"పాప కాస్త తింటుందండీ."

"కాస్త అంటే? ఈ కప్పా? ఈ కప్పా?"

అసలు పద్ధతంతా ఇక్కడే ఉంది. మనందరం 'కాస్త' అంటాం. ఒకరి కాస్తకూ ఇంకొకరి కాస్తకూ పొంతన ఉండదు. కప్పులు ఎదురుగా పెడితే తల్లి ఒక్క క్షణం ఆలోచించి ఒకదాని మీద చెయ్యి వేస్తుంది. రోజు మొత్తం మీద ఒక కప్పు. 12 కప్పుల్లో ఒకటంటే 50 గ్రాముల బియ్యం. సుమారు 175 కేలరీలు. పప్పుకూ ఇదే లెక్క. నూనెకూ ఇదే లెక్క. పక్కింటివాళ్లు పెట్టిన అరటిపండునూ వదిలిపెట్టరు.

"అంగన్‌వాడీ నుంచి పాపకు బాలామృతం పొడి ప్యాకెట్ వస్తోందా?"

"వస్తోందండీ. నెలనెలా ఇస్తారు."

ఇక్కడితో ఆపేస్తే, కార్యక్రమం బ్రహ్మాండంగా నడుస్తోందని రాసుకుని లేచి వెళ్లిపోవచ్చు. కానీ ఆమె ఆపదు.

"నిన్న పాపకు ఎంత పెట్టారు?"

"రెండు చెంచాలు పెట్టానండీ. మావాడు బడి నుంచి రాగానే డబ్బా మూత తీస్తాడు. మా అత్తయ్యకు కూడా పళ్లు లేవు కదా, పాలల్లో కలిపి ఇస్తాను."

"గుడ్లు?"

"నిన్న పులుసు పెట్టానండీ, అందరికీ."

అందరికీ! పాప పేరున వచ్చిన గుడ్లు పులుసులో పడ్డాయి. ఆ ఇంటి విషయంలో రిజిస్టరు నూటికి నూరుపాళ్లు నిజం. ప్యాకెట్ అందింది, గుడ్లు అందాయి, ముఖం కూడా కలిసింది. కప్పులు చెప్పిన లెక్కా నిజమే. పాప బరువు పెరగలేదు.

ఆ తల్లిని తప్పుపట్టడం నాకు చేతకాదు. ఏడేళ్ల పిల్లాడు చూస్తూ ఉండగా ఒక్కరికే పెట్టి డబ్బా దాచే తల్లిని మన ఇళ్లల్లో ఎవరూ మెచ్చుకోరు. అయిదుగురికీ చాలీచాలని ఇంటికి ఒక్కరి పేరున ప్యాకెట్ పంపితే అయిదుగురూ పంచుకుంటారు. అందుకే ఇంటికి ఇచ్చే సరుకు కంటే అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చోబెట్టి తినిపించే భోజనం మేలని నా అభిప్రాయం. అది అన్ని ఊళ్లల్లో కుదరదనీ తెలుసు. పనికి వెళ్లే తల్లి మధ్యాహ్నం చంటిపిల్లను ఎత్తుకుని కేంద్రానికి ఎలా వస్తుంది?

ఇంత తవ్వి అడిగితే ఏం ఒరిగింది అంటారా? ఒక సంగతి చెబుతాను. 1960లలో ప్రపంచమంతా ఒకే మాట: పేద పిల్లలకు ప్రొటీన్ కొరత. చేపల పొడి, ప్రొటీన్ బిస్కెట్లు, ఎక్కడ చూసినా ఇవే పథకాలు. అప్పుడు ఎన్‌ఐఎన్ డైరెక్టర్ డాక్టర్ సి. గోపాలన్. పిల్లలు నిజంగా ఏం తింటున్నారో ఆయన బృందం కొలిచి చూసింది. తేలిందేమిటంటే, మన అన్నం, పప్పు, జొన్నల తిండిలో ప్రొటీన్ పాళ్లు అంత తక్కువేం కాదు. తిండే తక్కువ. కడుపునిండా అదే తిండి పెడితే ప్రొటీన్ కొరత చాలావరకు దానంతటదే తీరుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తీపి కేకు 14 నెలలు పెట్టారు. రోజుకు 310 కేలరీలు, ప్రొటీన్ 3 గ్రాములే. పెట్టని పిల్లలకంటే వీళ్లు బాగా ఎదిగారు. ఆ ఫలితాలు 1973లో అచ్చయ్యాయి. 1975 అక్టోబర్ 2న, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడు పిల్లలకు పెట్టుకున్న లెక్క రోజుకు 300 కేలరీలు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండటం కాకతాళీయమని నేననుకోను. 2009లో ఆ 300ను 500 చేశారు.

ఆ బ్యూరో 2015లో మూతపడింది. నలభై ఏళ్లు నడిచిన పనిని అలా ఆపడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎన్‌ఐఎన్ ఈ మధ్య ఆహారమూ, రక్తపరీక్షలూ కలిపి కొత్త సర్వే చేపట్టింది, అది కొంత ఊరట. ఇక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చాలా పెద్దది. అయిదో విడతలో 6,36,699 ఇళ్లు తిరిగారు. అయితే బిడ్డ నిన్న గుడ్డు తిందా, పాలు తాగిందా అని అడుగుతారే తప్ప ఎంత అని కొలవరు. ఆ సర్వే ప్రకారం తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని అయిదేళ్లలోపు పిల్లలు నాలుగో విడతకూ అయిదో విడతకూ మధ్య నూటికి 28 నుంచి 33.1కి పెరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 31.4, 31.2, అంటే ఉన్నచోటే ఉంది. ఈ రెండు రాష్ట్రాల్లో అయిదో విడత లెక్కలు తీసింది 2019లో, కరోనా రాకముందు. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి పథకం కింద పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్న తెలంగాణలో ఎత్తు తక్కువ పిల్లలు ఎందుకు పెరిగారు? ఎన్ని గుడ్లు పంచామన్న లెక్క ముందు పెట్టుకుని కూర్చుంటే దీనికి జవాబు దొరకదు. ఇచ్చింది వేరు, తిన్నది వేరు.

కప్పుల పద్ధతికీ ఇబ్బందులున్నాయి. నిన్న పండగైతే లెక్క తప్పుతుంది, అందుకే పండగలూ ఉపవాసాలూ తప్పించి అడుగుతారు. మనిషి మరిచిపోతాడు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మొహమాటం. వచ్చినామె ఎదుట పరువుపోతుందని, తాగని పాలు తాగారంటాం. నిన్న రాత్రి గంజన్నంతో సరిపెట్టామని చెప్పడానికి నోరు రాదు. ఇంకొందరిది భయం. పంచుకున్నామంటే వచ్చే ప్యాకెట్ ఆపేస్తారేమోనని.

ఈ ప్రసంగంలో మీకు పనికొచ్చే మాట ఒకటుంటే అది ఇదే. ఇలాంటి నమూనా సర్వేలో మీ పేరు నివేదికలో రాదు. ఎన్నో ఇళ్ల లెక్కలతో కలిసిపోతుంది. కాబట్టి ఎవరైనా వచ్చినప్పుడు ముందు గుర్తింపు కార్డు చూపించమనండి. ఈ వివరాలు దేనికో, ఎవరి దగ్గర ఉంటాయో అడగండి. అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించమనండి. నచ్చకపోతే వద్దనండి, ఆ హక్కు మీకుంది. సరే అంటే మాత్రం గుడ్డు ఎవరు తిన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. నాన్న తింటే నాన్న అని, నానమ్మ తింటే నానమ్మ అని. బియ్యం కొలిచే గ్లాసు, నిన్న అన్నం వండిన గిన్నె తెచ్చి పక్కన పెట్టుకున్నారంటే ప్రశ్నల్లో సగం అక్కడే తేలిపోతాయి. ముప్పావు గంట పట్టొచ్చు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి కూర్చోండి.

నమస్కారం.