చామంతికి చీకటి కావాలి

సభలోని పెద్దలకు, తోటల మీద మమకారంతో వచ్చిన అందరికీ నమస్కారం.

మన తిరుపతిలో వేసవి మల్లెలు ముగిశాక ఇక పూల కాలం అయిపోయిందని చాలామంది కుండీల మీద శ్రద్ధ తగ్గిస్తారు. నిజానికి ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపి ఇచ్చే కార్తిక, మార్గశిర మాసాల్లోనే డిసెంబరు పూలు, ముద్దబంతి, చామంతి మన పెరళ్లను నింపుతాయి. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు ఇంటి బంతిపూలే పెట్టడంలో ఉన్న తృప్తి మీకు తెలియనిది కాదు. అయితే మొన్న సంక్రాంతి వరకూ నన్ను ఎక్కువమంది అడిగింది చామంతి గురించే: మొక్క ఏపుగా ఉంది, మొగ్గ మాత్రం లేదు, ఎందుకు?

చామంతి రాత్రి నిడివిని బట్టి మొగ్గ తొడిగే మొక్క. మొక్కల పూతకు పగలు, రాత్రుల నిడివితో సంబంధం ఉందని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఇలాంటి మొక్కలకు ముఖ్యమైనది ఎడతెగని చీకటేనని తరువాతి పరిశోధనల్లో తేలింది. మన ప్రాంతంలో జూన్ పగలు సుమారు 13 గంటలైతే, డిసెంబరు పగలు 11 గంటలకు కొంచెం పైన ఉంటుంది. అంత కొద్ది తేడాను గుర్తించే మొక్కకు రాత్రంతా వెలిగే ఒక్క దీపం చాలు, ఇంకా వేసవే అనుకోవడానికి. పూత ఆలస్యం కావాలనుకునే పూల రైతులు పొలంలో బల్బులు వేలాడదీసేది ఇందుకే.

ఇది నేను మా ఇంట్లోనే ఆలస్యంగా తెలుసుకున్నాను. ఒకే తల్లి మొక్క పిలకలను రెండు కుండీల్లో నాటి, ఒకటి గేటు దీపం కింద, మరొకటి దొడ్డివైపు పెట్టాను. దొడ్డివైపుది కార్తికంలోనే మొగ్గ వేయగా, గేటు దగ్గరిది ఆకులు పెంచుకుంటూనే ఉండిపోయింది. దానికి బలం చాలలేదనుకుని నేను మరింత ఎరువు వేయడం పొరపాటు. నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది. చీకటిలోకి మార్చిన తరువాత కూడా అది పూయడానికి రెండు నెలలకు పైగా పట్టింది.

తుపాను వానలప్పుడు కుండీ అడుగు రంధ్రం మూసుకుపోకుండా ఇటుక ముక్కల మీద ఎత్తి ఉంచండి, లేకపోతే వేరు కుళ్లుతుంది. ఇప్పుడు పూత అయిపోయిన కొమ్మలను నేలకు బెత్తెడు పైన కత్తిరిస్తే మొదట్లోంచి పిలకలు వస్తాయి. వాటిని మన ఎండలకు మాడిపోకుండా నీడలో కాపాడి, తొలకరికి నాటుకోవాలి. మా ఇంట పసుపు చామంతి పిలకలు ఈసారి ఎక్కువగానే వచ్చాయి. కొన్ని తడి గోనెలో చుట్టి తెచ్చాను, కావలసినవారు వెళ్లేటప్పుడు తీసుకోండి.