పెట్టె మీద పేరు

సభకు నమస్కారం. ఉగాది పూట తెల్లవారుజామునే లేచి ఇంతమందికి పచ్చడి కలిపిన అమ్మలకి, కుర్చీలు సర్దిన పిల్లలకి, నన్ను పిలిచిన కార్యవర్గానికి ధన్యవాదాలు. పిల్లలకి తెలుగు ఎలా నేర్పాలో ఓ పావుగంట చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ పోయిన నెల డెకోరా వెళ్లొచ్చిన దగ్గర్నుంచి మనసు అక్కడే ఉండిపోయింది. ముందు అది చెప్పనివ్వండి.

మన మిన్నెసోటా రోచెస్టర్ నుంచి కారులో గంటన్నర లోపే. అయోవాలో చిన్న ఊరు. అక్కడ వెస్టర్‌హైమ్ అని, నార్వే నుంచి వలస వచ్చినవాళ్ల మ్యూజియం ఉంది. 1877లో లూథర్ కాలేజీలో మొదలైంది. ఇప్పుడు 33,000కు పైగా వస్తువులున్నాయి. ఆ పేరుకి పడమటి ఇల్లు అని అర్థం. వచ్చినవాళ్లు అమెరికాని అలా అనుకునేవారట. మా ఊళ్లో మా ఇంట్లోనూ పడమటిల్లు ఉండేది. అమ్మ ట్రంకుపెట్టె అందులోనే ఉండేది. దాని సంగతికి మళ్లీ వస్తాను.

1933లో ఇద్దరు అన్నదమ్ములు అట్లాంటిక్ దాటి వచ్చిన 25 అడుగుల తెరచాప పడవ ఉందక్కడ. మా అబ్బాయి దాని దగ్గర్నుంచి కదల్లేదు. నేను మాత్రం పెట్టెల దగ్గర ఆగిపోయాను. ఇనప పట్టీలు బిగించిన చెక్క పెట్టెలు. ముందువైపు తీగలు, పువ్వులు. ఆ చిత్రకళని రోస్‌మాలింగ్ అంటారు. పువ్వుల మధ్య మనిషి పేరు, సంవత్సరం. తెరచాప ఓడల కాలంలో ఎవరి తిండి వాళ్లే తెచ్చుకోవాలి. వారాల తరబడి సముద్రం మీద తినడానికి ఎండు రొట్టెలు, ఎండు మాంసం ఆ పెట్టెల్లోనే వచ్చాయి. ఒక పెట్టెకి తాళం పట్టీ చుట్టూ రంగంతా పోయి, చెక్క నున్నగా తేలింది. పేరు మాత్రం చెరగలేదు.

ఎగ్గె అనే దంపతుల దుంగల ఇల్లు కూడా చూడాలి. 1853 చలికాలంలో, కొత్తగా పెళ్లయి వచ్చిన పాస్టర్ కోరెన్, ఆయన భార్య ఎలిసబెత్ ఆ ఇంట్లో తలదాచుకున్నారు. ఎగ్గెలకి అప్పటికే ఇద్దరు పిల్లలు. ఆరుగురు మనుషులు, చిన్న ఇల్లు, మధ్యలో తెర. ఎలిసబెత్ డైరీ రాసుకుంది కాబట్టి ఆ తెర సంగతి మనకి తెలిసింది. అమ్మలూ, మీరు వచ్చిన మొదటి చలికాలం గురించి ఎక్కడైనా రాసుకున్నారా? చేతులెత్తండి. ఒక్కరేనా?

భాష గురించి కదా చెప్పమన్నారు, ఇది వినండి. 1918 మేలో, యుద్ధం జరుగుతుండగా, అయోవా గవర్నర్ హార్డింగ్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. బళ్లో, రైల్లో, చర్చిలో, చివరికి ఫోన్‌లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలని. అదే రాష్ట్రంలో, డెకోరాలో, 1874లో మొదలైన నార్వేజియన్ పత్రిక డెకోరా పోస్టెన్ 1972 దాకా నడిచింది. మనకి ఫోన్‌లో తెలుగు మాట్లాడొద్దని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదండీ.

ఇక మా అమ్మ పెట్టె. నిజానికి నాన్నది. హాస్టల్‌కి పట్టుకెళ్లినప్పుడు తెల్ల పెయింటుతో పేరు, ఊరు రాయించుకున్నారు. పెళ్లయ్యాక అమ్మది అయింది. పట్టుచీరలు, మా పుట్టువెంట్రుకల పొట్లాలు, నేను ఇక్కణ్నుంచి రాసిన ఉత్తరాలు అన్నీ అందులోనే. తెరిస్తే కర్పూరం వాసన. ఊళ్లో ఇల్లు అమ్మేటప్పుడు చెల్లెలు ఫోన్ చేసి, "పెట్టెని ఏం చెయ్యమంటావన్నయ్యా?" అంది. నేను ఆఫీసు టెన్షన్‌లో ఉన్నాను. "పాత సామాన్ల వాడికి ఇచ్చెయ్యమ్మా" అన్నాను. చీరలు చెల్లెలు తీసుకుంది. ఉత్తరాలు పెట్టెతోనే పోయాయి. డెకోరాలో ఆ పేర్ల ముందు నిలబడితే నాకు నాన్న పేరే కనిపించింది. ఆ పేరు రాసిన పెట్టె నా చేతులారా పోయింది.

నేర్పడం గురించి రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంది, ఇంకోసారి చదువుతాను. భోజనాల బల్ల పక్కన ఒక పెద్ద నోట్‌బుక్ పెట్టాను. మీ ఇంట్లో ఊరి నుంచి తెచ్చిన వస్తువు ఏదైనా సరే, రోలో, మరచెంబో, పెళ్లి శుభలేఖో, దాని పేరు, ఎవరిది, ఏ ఊరిది, ఏ సంవత్సరం వచ్చిందో తెలుగులో రాయండి. రాయడం రాని పిల్లలు పెద్దవాళ్లని అడిగి చెప్పించుకోండి. పెన్నులు నాలుగు పెట్టాను. రాశాకే భోజనానికి కూర్చోండి.