జింకను కొట్టాక రెండు వారాల ఎదురుచూపు: జింకల జబ్బు సీడబ్ల్యూడీ కట్టడి మీద వేటగాళ్ల అభ్యంతరాలు

[దృశ్యం: ఉక్కు బల్ల మీద తెల్లతోక జింక తల, దానికి అంటి అయిదారు అంగుళాల మెడ. రబ్బరు తొడుగులు వేసుకున్న చేతులు, చిన్న కత్తి.]

వాయిస్: వేటాడిన జింకకు సీడబ్ల్యూడీ అనే జబ్బు ఉందో లేదో తేల్చడానికి ల్యాబుకు పంపే బిళ్లలు ఇలా తీస్తారు. గొంతుముడి ఎక్కడుందో వేలితో తడమండి. దానికి కాస్త పైన, దవడ వైపు, అడ్డంగా ఒకే కోత. కత్తి ఎముకకు తగలాలి. కోతను విప్పితే గొంతు వెనక, పుర్రె అడుగున, అటొకటి ఇటొకటి రెండు బిళ్లలు కనిపిస్తాయి. చంకలో బిళ్ల కట్టిందంటామే, ఆ రకం బిళ్లలే. ద్రాక్షపండంత ఉంటాయి, మీగడ రంగులో నున్నగా.

[దగ్గరి షాట్: సగానికి కోసిన రెండు ముక్కలు పక్కపక్కన.]

కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ఎడమవైపుది లాలాజల గ్రంథి. కోస్తే లోపల గింజలు గింజలుగా ఉంది. కుడివైపుది మనకు కావలసిన బిళ్ల, లోపల అంతా ఒకటే ముద్ద. పొరపాటున గ్రంథిని పంపితే ల్యాబు పరీక్ష చేయలేదు. మీ జింక సంగతి తేలకుండానే పోతుంది.

ఈ బిళ్లల్లో వెతికేది ప్రయాన్ల కోసం. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, పొట్టిగా సీడబ్ల్యూడీ, జింక జాతులకు వచ్చే జబ్బు. దీన్ని తెచ్చేది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. ఒంట్లో మామూలుగా ఉండే ఒక ప్రోటీనే తప్పుగా మడతపడి, పక్కనున్న వాటినీ అలాగే మడతపెడుతూ పోతుంది. అలా తప్పుగా మడతపడినవే ప్రయాన్లు. మెదడులో పేరుకుని దాన్ని తూట్లు తూట్లు చేస్తుంది. మందు లేదు, టీకా లేదు. సోకిన జింక ఏడాదిన్నర, రెండేళ్ల దాకా చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. తర్వాత చిక్కిపోయి, తల వేలాడేసి, చొంగ కారుస్తూ చస్తుంది. ఉచ్చలో, పేడలో, చొంగలో ప్రయాన్లు బయటికొచ్చి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వండినా చావవు.

[తెర మీద: 1967, కొలరాడో. 1981, అడవిలో తొలి కేసు. 2002, విస్కాన్సిన్.]

1967లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఒక పరిశోధన కేంద్రంలో, కంచెలో పెంచుతున్న జింకల్లో దీన్ని మొదట గమనించారు. 1981లో అదే రాష్ట్రంలో అడవి ఎల్క్‌లో, అంటే ఒక పెద్ద రకం జింకలో, దొరికింది. 2002లో మిసిసిపీ నదికి తూర్పున తొలిసారిగా విస్కాన్సిన్‌లో బయటపడింది. అసలు గొడవ అక్కడ మొదలైంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేటంటే నేరం. అందుకే అమెరికా పద్ధతి మనకు వింతగా తోస్తుంది. అక్కడ వన్యప్రాణి శాఖలు నడిచేది చాలావరకు వేటగాళ్ల డబ్బుతోనే: లైసెన్సు రుసుములు, 1937 చట్టం కింద తుపాకుల మీదా తూటాల మీదా వసూలయ్యే పన్ను. పొడవు తుపాకులకైతే అది 11 శాతం. పరీక్షకు తలలు తెచ్చేదీ వాళ్లే, మందను తగ్గించేదీ వాళ్లే. వాళ్లు మొహం తిప్పుకుంటే నమూనాలూ ఉండవు, నిధులూ ఉండవు. వాళ్ల అభ్యంతరాలను జాగ్రత్తగా వినాల్సింది ఇందుకే.

[దృశ్యం: విస్కాన్సిన్, ఇల్లినాయ్ సరిహద్దు మ్యాపు.]

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం: "జబ్బు పోగొడతామని చెప్పి జింకలన్నిటినీ చంపిస్తారు. జింకలూ పోతాయి, జబ్బూ ఉంటుంది." 2002లో విస్కాన్సిన్ చేసింది దాదాపు ఇదే. జబ్బు ప్రాంతంలో మందను వీలైనంత తుడిచెయ్యాలని నిర్ణయించింది. కొమ్ముల జింకను కొట్టాలంటే ముందు కొమ్ముల్లేనిదాన్ని కొట్టి చూపించాలంది. శాఖ తన షూటర్లనూ దింపింది. జనానికి ఒళ్లు మండింది. ఆ ఏడాది తుపాకీ వేట లైసెన్సుల అమ్మకం సుమారు పదో వంతు పడిపోయింది. 2007లో షూటర్లను ఆపేశారు, 2011లో ఆ కొమ్ముల్లేని జింక షరతు చట్టంతోనే రద్దయింది.

అక్కడ శాఖ తప్పు ఉంది. జబ్బు అప్పటికే ఏళ్లుగా పాకి ఉంటే, దాన్ని పూర్తిగా తుడిచేస్తామని మాటివ్వడం తప్పు. ఆ మాట నిలబడకపోయేసరికి తర్వాత చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మలేదు. కానీ పక్కనే ఉన్న ఇల్లినాయ్‌ని చూడండి. అక్కడా 2002లోనే దొరికింది. వాళ్లు రాష్ట్రమంతా మీద పడలేదు. వేట సీజన్ అయ్యాక, జనవరి నుంచి మార్చి దాకా, జబ్బు జింక దొరికిన చోట మాత్రమే శాఖ మనుషులు కొద్ది జింకలను కొట్టారు. జబ్బు లేదని తేలిన వాటి మాంసం దానమిచ్చారు. పదేళ్లు తిరిగేసరికి ఇల్లినాయ్‌లో జబ్బు శాతం ఒకటి దగ్గరే ఉంది. విస్కాన్సిన్‌లో 2012 నాటికి అయిదు దాటింది. ఇప్పుడు ఆ రాష్ట్రం నైరుతి మూలన కొన్ని చోట్ల పెద్ద మగ జింకల్లో సగం దాకా జబ్బువే. ఇల్లినాయ్ కూడా జబ్బును పోగొట్టలేదు, అక్కడా మెల్లగా పాకుతోంది. సంపాదించుకున్నది సమయం. మట్టిలో పేరుకునే జబ్బు విషయంలో ఆ సమయానికి విలువ ఎక్కువ.

తర్వాతి మాట: "చచ్చిన జింకలు ఎక్కడా కనిపించవే?" కనిపించవు. నీరసపడిన జింక రోడ్డు మీద కారు కిందో, నక్కలాంటి కొయొటీ నోట్లోనో, వేటగాడి తూటాకో ముందే పోతుంది. అడవిలో కళేబరం నాలుగు రోజులు నిలవదు. లెక్క తేలేది మెడకు రేడియో పట్టీలు కట్టి ఏళ్ల తరబడి వెంబడించినప్పుడే. వయోమింగ్‌లోని కాన్వర్స్ కౌంటీలో మ్యూల్ జింకలకు అలా కట్టి చూస్తే, మంద ఏటా 21 శాతం చొప్పున తరుగుతోందని తేలింది.

[దృశ్యం: పెద్ద కొమ్ముల మగ జింక చెట్టుకొమ్మను నాకుతూ.]

పెద్ద కొమ్ముల జింక కోసం ఏళ్లు ఆగే వేటగాళ్లకు ఇంకో బాధ. కుర్ర మగవాటిని వదిలెయ్యండి, కొమ్ములు ఎదగనివ్వండి అని వాళ్లకు నేర్పిందే శాఖలు. ఇప్పుడు అవే శాఖలు మగవాటిని తగ్గించమంటున్నాయి. కారణం ఉంది. ఎదిగిన మగవాటిలో జబ్బు ఆడవాటికంటే సుమారు రెట్టింపు. జోడు కట్టే కాలంలో అవి ఊళ్లు తిరుగుతాయి, ఒకే కొమ్మను పదీ నాకుతాయి. కుర్ర మగది పుట్టిన చోటు వదిలి మైళ్ల దూరం పోయి స్థిరపడుతుంది, జబ్బునూ మోసుకుపోతుంది. అందుకే ఆర్కన్సా రాష్ట్రం 2016లో జబ్బు బయటపడ్డాక ఆ జబ్బు ప్రాంతంలో, కొమ్ములు ఇంత ఎదగనిదే కొట్టకూడదన్న షరతును ఎత్తేసింది.

జింకలను రప్పించడానికి పెట్టే మక్కజొన్న కుప్పలూ ఉప్పు దిమ్మలూ వద్దంటే చిరాకుపడేవాళ్లకు ఒక్క మాట చాలు. విస్కాన్సిన్‌లో జింకలు నాకే ఉప్పు చోట్ల మట్టిలో ప్రయాన్లు దొరికాయి.

జింకల ఫారాల మీద వేటగాళ్ల కోపం మాత్రం న్యాయమైనది. తన కాళ్ల మీద నడిచే జింక ఒక్క రాత్రిలో రాష్ట్రం దాటదు, లారీలో ఎక్కించింది దాటుతుంది. దక్షిణ కొరియాకు ఈ జబ్బు కెనడా నుంచి దిగుమతి చేసుకున్న ఎల్క్‌లతోనే వెళ్లింది. వేటగాడు ఎముకల సంచి రాష్ట్రం దాటించకూడదని కట్టడి పెట్టేవాళ్లు, బతికున్న జింకల రవాణాను అంతకంటే గట్టిగా కట్టడి చేయాలి.

[దృశ్యం: వేలాడదీసిన జింక. ఎముక నుంచి మాంసం విడదీస్తున్న చేతులు.]

ఇక తినడం. మనిషికి దీనివల్ల జబ్బు వచ్చినట్టు రుజువైన కేసు ఇప్పటిదాకా లేదు. అయినా బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బును గుర్తించింది 1986లో, అది మనుషులకూ సోకిందని ప్రకటించింది 1996లో. అందుకే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పేది: జబ్బున్న ప్రాంతపు జింకకు పరీక్ష చేయించండి, జబ్బని తేలితే తినకండి.

ఫలితానికి విస్కాన్సిన్‌లో సుమారు రెండు వారాలు పడుతుంది. ఈలోపు మాంసాన్ని ఏం చేయాలన్నదే వేటగాడి అసలు ఇబ్బంది. వెన్నెముకను రంపంతో కోయకండి, మాంసాన్ని ఎముక నుంచి కత్తితో ఒలిచి తీయండి. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం, బిళ్లలు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ప్రతి ప్యాకెట్ మీదా ఆ జింక అనుమతి నంబరు రాసి ఫ్రీజర్లో పెట్టండి. దుకాణంలో కోయిస్తే "నా జింకను విడిగా కోయండి" అని ముందే అడగండి. సాసేజీకి నలుగురి మాంసం కలిపి రుబ్బేశాక ఏ పరీక్షా పనికిరాదు.

కత్తులకు అంటిన కండ, కొవ్వు ముందు గీకి కడగాలి, లేకపోతే బ్లీచు లోపలికి దిగదు. తర్వాత రెండు పాళ్లు ఇంటి బ్లీచు, మూడు పాళ్లు నీళ్లు కలిపి అయిదు నిమిషాలు నానబెట్టి, కడిగి ఆరబెట్టండి. ఎముకలు రెండు సంచుల్లో కట్టి, అడుగున పొర పరిచిన చెత్త గుంటకే పంపండి, కాలవ గట్టున పారేయొద్దు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఆఫీసులో ఎవరైనా జింక మాంసం ఇస్తే, పరీక్ష అయిందా అని అడగండి. వేటాడేవాళ్లు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

[తెర మీద: పరీక్ష ఫలితం చీటీ.]

చీటీ మీద "జబ్బు లేదు" అని ఉండదు, "కనిపించలేదు" అని ఉంటుంది. కొత్తగా సోకిన జింకలో ప్రయాన్లు ఇంకా బిళ్లల్లో పేరుకుని ఉండకపోవచ్చు. అదే "కనిపించింది" అని వస్తే, ఆ నంబరున్న ప్యాకెట్లన్నీ తీసి శాఖవాళ్లకు ఫోన్ చేయండి. ఎక్కడ పారేయాలో చెబుతారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ జింకకు బదులు ఇంకో జింకకు అనుమతి కూడా ఇస్తారు, అడగండి.